ఎండిన చెరువు నుంచి జెడ్ కారు దాకా

టొయోటా పికప్ ట్రక్కు బ్రేకులు డాట్సన్ స్పోర్ట్స్ కారుకు సరిగ్గా అతుకుతాయని ఆ రెండు కంపెనీల్లో ఏదీ తన పుస్తకంలో రాయలేదు. అయినా అమెరికాలో పాత డాట్సన్ 240జెడ్ నడిపేవాళ్ళలో ఈ సంగతి తెలియనివాళ్ళు తక్కువ. 1980 ప్రాంతాల్లో వచ్చిన టొయోటా ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్‌కు ముందు చక్రాల కాలిపర్లలో నాలుగేసి పిస్టన్లు ఉంటాయి. 240జెడ్‌కు ఉన్నవి రెండేసి. బోల్టు రంధ్రాల మధ్య దూరం మాత్రం రెంటికీ ఒకటే. పాతది విప్పి, వెనకున్న దుమ్ము రేకును కాస్త కత్తిరించి, బ్రేకు గొట్టం సరిచేసుకుంటే ట్రక్కు కాలిపర్ కారులో కూర్చుంటుంది. ఏ షెడ్డులోనో ఎవరో ఒక మెకానిక్ ఈ రెంటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి కొలిచి ఉంటాడు.

పాత కారుకు కొత్త సామాను బిగించే వ్యాపారమంతా ఇలాంటి కొలతల మీదే లేచింది. ఈ వ్యాపారులందరి సంఘం సెమా ఏటా లాస్ వేగస్‌లో పెట్టే ప్రదర్శనలో చక్రాలు, సైలెన్సర్లు, టర్బోలు, సస్పెన్షన్ కిట్లు హాళ్ళకు హాళ్ళు నింపేస్తాయి. ఆ హాళ్ళ మూలం వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే లాస్ ఏంజెలెస్ శివార్లలోని తుక్కు దుకాణాల దగ్గరా, మొహావీ ఎడారిలోని ఎండిన చెరువుల దగ్గరా తేలతాం.

అసలు మొదలు ఫోర్డ్ మోడల్ టీ. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర బళ్ళు తయారయ్యాయి. శక్తి 20 హార్స్ పవర్. హెన్రీ ఫోర్డ్‌కు కావలసింది రైతు కొనగలిగే బండి, అది ఆయన చేసి చూపించాడు. పందెం కోరుకునే కుర్రాడి సంగతి ఆయన లెక్కలో లేదు. ఆ ఖాళీని పట్టుకున్నవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది లూయీ షెవర్లే. ఆయన పేరుతోనే షెవర్లే కంపెనీ పుట్టింది. తర్వాత ఆ కంపెనీ నుంచి ఆయన బయటికొచ్చేశాడు, పేరు మాత్రం అక్కడే ఉండిపోయింది. 1920లలో ఇండియానాపోలిస్‌లో ఆయనా, ఆయన తమ్ముడు ఆర్థరూ చేసి అమ్మినవి ఏమిటంటే, ఫోర్డ్ మోడల్ టీకి బిగించే ఫ్రంటెనాక్ సిలిండర్ హెడ్లు! షెవర్లే పేరున్న మనిషి ఫోర్డ్ బండికి బలం పోసి బతికాడన్నమాట. మోడల్ టీలో వాల్వులు సిలిండర్ పక్కన, బ్లాకులోనే ఉంటాయి. ఫ్రంటెనాక్ హెడ్ వాటిని సిలిండర్ నెత్తి మీదికి తెచ్చింది. దాంతో గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం మలుపులు తిరగకుండా లోపలికి దిగేది.

లాస్ ఏంజెలెస్ పక్కన బెల్ అనే ఊళ్ళో జార్జ్ వైట్ అనే ఆయన 1923లో తుక్కు కార్ల దుకాణం తెరిచాడు. బళ్ళు విప్పేటప్పుడు వాటిలో అప్పుడప్పుడు ఇలాంటి ప్రత్యేకమైన హెడ్లు, కార్బొరేటర్లు దొరికేవి. ఆయన వాటిని విడిగా దాచి అమ్మడం మొదలుపెట్టాడు. బెల్ ఆటో పార్ట్స్ అలా తుక్కు కొట్టు నుంచి స్పీడు సామాను కొట్టుగా మారింది. 1945లో దాన్ని చేతిలోకి తీసుకున్న రాయ్ రిక్టర్ 1954 నుంచి హెల్మెట్లు కూడా చేశాడు. ఇవాళ బెల్ హెల్మెట్ అంటే మన బైకు కుర్రాళ్ళకు కూడా తెలిసిన పేరే.

సామాను కొన్నాక పరీక్షించుకోవడానికి చోటు కావాలి. లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన, కొండలు దాటితే, మ్యూరాక్ అనే ఎండిన చెరువు ఉంది. వానాకాలంలో నాలుగు చినుకులు పడితే బురద, మిగతా ఏడాదంతా సిమెంటు చేసినంత చదునుగా గట్టిపడిన మట్టి. మైళ్ళకు మైళ్ళు అడ్డంకి లేదు. శనివారం రాత్రి బయలుదేరి, ఆదివారం తెల్లవారుజామున గాలి లేవకముందే పరుగులు తీసేవాళ్ళు. దుమ్ములో వెనకవాడికి ముందువాడు కనపడక ప్రమాదాలు జరిగేవి. 1937లో కుర్రాళ్ళ క్లబ్బులు కొన్ని కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. ఒక్కొక్కరిగా పరుగు, గడియారంతో కొలత, బండికి తనిఖీ. మ్యూరాక్‌ను సైన్యం తీసుకున్నాక కుర్రాళ్ళు రోజమండ్, ఎల్ మిరాజ్ లాంటి వేరే చెరువులకు మారారు. పైలట్ చక్ యేగర్ 1947లో విమానంలో ధ్వని వేగాన్ని దాటింది ఆ మ్యూరాక్ దగ్గరే.

ఈ కథను మలుపు తిప్పిన ఇంజను 1932లో వచ్చింది. ఫోర్డ్ వీ8. సామాన్యుడి ధరలో ఎనిమిది సిలిండర్లు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. 221 ఘనపు అంగుళాలు, అంటే 3.6 లీటర్లు, 65 హార్స్ పవర్. 1953 దాకా అమెరికా ఫోర్డ్ కార్లలో ఆ కుటుంబం ఇంజన్లు నడిచాయి. లోపాలూ బోలెడు. కాలిన వాయువు బయటికి పోయే దారులు బ్లాకు లోపలి నీళ్ళ గదుల మధ్య నుంచి వెళ్ళేవి, అందుకే ఇంజను ఊరికే వేడెక్కేది. ఒక్కో వైపు నాలుగు సిలిండర్లుంటే బయటికి మూడే రంధ్రాలు. మధ్య రెండు సిలిండర్లకు కలిపి ఒకటే దారి. కంపెనీ ఇంజనీరుకు ఇవి ఖర్చు తగ్గించుకున్న గుర్తులు. షెడ్డువాడి కంటికి మాత్రం ప్రతి లోపమూ ఒక గిరాకీ.

విక్ ఎడెల్‌బ్రాక్ కాన్సస్‌లో పుట్టి, మాంద్యం రోజుల్లో కాలిఫోర్నియా చేరిన మెకానిక్. 1938లో ఒక 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ కొన్నాడు. అప్పటికే పాతబడిన బండి. ఎనిమిది సిలిండర్లకు ఒకే కార్బొరేటర్ ఉండటం, దాని కింద మిశ్రమాన్ని సిలిండర్లకు పంచే మానిఫోల్డు దారులు ఇరుకుగా ఉండటం ఆయనకు నచ్చలేదు. పెద్ద కాలువకు చిన్న తూము పెట్టినట్టుంది ఆ ఏర్పాటు. టామీ థిక్‌స్టన్ అనే మిత్రుడితో కలిసి ఒక మానిఫోల్డు తయారు చేశాడు, అదీ తృప్తినివ్వలేదు. చివరికి రెండు కార్బొరేటర్లు కూర్చునే అల్యూమినియం మానిఫోల్డు తనే గీసి పోత పోయించాడు. స్లింగ్‌షాట్ అన్నారు దాన్ని. అమ్ముడైనవి సుమారు వంద. 1941 నవంబరులో, పెర్ల్ హార్బర్ దాడికి మూడు వారాల ముందు, రోజమండ్ చెరువులో ఆయన రోడ్‌స్టర్ గంటకు 121 మైళ్ళు దాటింది. యుద్ధం ముగిశాక 1946లో మొదటి కేటలాగు అచ్చు వేశాడు. వారం పొడుగునా ఆ రోడ్‌స్టరే ఆయనకు రోజువారీ వాహనం కూడా.

యుద్ధం ఈ వ్యాపారానికి తెలియకుండానే రెండు పనులు చేసిపెట్టింది. విమానాల షెడ్లలో లేత్, మిల్లింగ్, అల్యూమినియం పోత పని నేర్చిన వేలమంది కుర్రాళ్ళు చేతిలో జీతం డబ్బుతో తిరిగొచ్చారు. అటు కొత్త కార్లకు కరువు. దాంతో అందరి చూపూ పాత బళ్ళ మీదే పడింది. ఆర్మీనియా నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టిన ఎడ్ ఇస్కెండేరియన్ అలాంటి కుర్రాడే. వైమానిక దళంలో పనిచేసి వచ్చాక, తన మోడల్ టీ రోడ్‌స్టర్‌కు పందెం క్యాంషాఫ్ట్ కావాలంటే నెలల తరబడి ఆగాలన్నారు. గిరాకీ అంత ఉంటే తనే ఎందుకు చేయకూడదనుకున్నాడు. మామూలు గ్రైండింగ్ మిషను కొని, క్యాంషాఫ్ట్‌లు అరగదీసేలా దాన్ని మార్చుకున్నాడు. క్యాంషాఫ్ట్ మీది బొడిపె ఆకారమే వాల్వు ఎంత ఎత్తు లేవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో నిర్ణయిస్తుంది. బొడిపె లావైతే పైవేగంలో బండి దూసుకుపోతుంది, సిగ్నల్ దగ్గర మాత్రం దడదడలాడుతూ ఆగిపోతానంటుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం అప్పుడూ తప్పలేదు, ఇప్పుడూ తప్పదు.

1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్, మిత్రుడితో కలిసి హాట్ రాడ్ (ఇలా బలం పెంచిన బండికి వాడుక పేరు) పత్రిక తెచ్చాడు. వెల పావు డాలరు. లాస్ ఏంజెలెస్‌లో అదే నెల జరిగిన కార్ల ప్రదర్శన బయట మెట్ల దగ్గర నిలబడి అమ్మారని చెప్పుకుంటారు. ఆ జూన్ సంచిక ముఖచిత్రం ఇస్కెండేరియన్ రోడ్‌స్టరే. ఊరి షెడ్ల సరుకు ప్రకటనల వల్ల దేశమంతా తెలిసింది. అయోవాలో రైతు కొడుకు డబ్బు పంపితే కాలిఫోర్నియా నుంచి మానిఫోల్డు పోస్టులో వచ్చేది. వ్యాపారం వ్యాపారంగా నిలదొక్కుకున్నది ఇక్కడే అని ఒప్పుకోవాలి. పోత పోసినవాళ్ళ పక్కనే అచ్చు వేసినవాడికీ ఇందులో వాటా ఉంది.

అయితే కేటలాగులో మెరిసే అల్యూమినియం సామానుకు దక్కిన కీర్తి, ఆ రోజుల్లో జరిగిన ఒక ముఖ్యమైన మార్పుకు దక్కలేదు. ప్లిమత్ 1928లోనే ద్రవంతో పనిచేసే బ్రేకులు పెట్టింది. హెన్రీ ఫోర్డ్ మాత్రం ఉక్కు కడ్డీలనే నమ్ముతూ 1939 దాకా మొండికేశాడు. అందుకని 1932 ఫోర్డ్‌కు ఇంజను బలం పెంచినవాడు బతికి బట్టకట్టాలంటే 1939 తర్వాతి ఫోర్డ్ బ్రేకులు తెచ్చి బిగించుకోవాలి. తుక్కు కొట్లో దొరికేవి, పెద్దగా మార్పుల్లేకుండా అతికేవి. లింకన్ జెఫిర్ గేర్లు ఫోర్డ్ గేర్‌బాక్సులో పట్టేవి. 1949 మెర్క్యురీ క్రాంక్‌షాఫ్ట్ ఫోర్డ్ బ్లాకులో కూర్చుని, పిస్టన్ ప్రయాణాన్ని నాలుగు అంగుళాలకు పెంచేది. టొయోటా కాలిపర్ సంగతి కొత్తదేమీ కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. కంపెనీ ఒక బండికి చేసిన భాగాన్ని మరో బండికి తెచ్చుకోవడమే ఈ విద్యలో పాత పాఠం.

ఇక స్పోర్ట్స్ కారు. 1953లో షెవర్లే కార్వెట్ తెచ్చింది. ఫైబర్‌గ్లాస్ ఒళ్ళు, చూడటానికి అందగత్తె. లోపల ఆరు సిలిండర్ల పాత తరహా ఇంజను, 150 హార్స్ పవర్, పైగా రెండే రెండు గేర్ల ఆటోమేటిక్. ఆ ఏడాది 300 తయారయ్యాయి. న్యూయార్క్ ప్రదర్శనలో దాన్ని చూసి ముచ్చటపడినవాళ్ళలో జోరా ఆర్కస్ డంటోవ్ ఒకడు. బ్రస్సెల్స్‌లో పుట్టి, రష్యాలో పెరిగి, బెర్లిన్‌లో చదివి, నాజీల నుంచి తప్పించుకుని 1940లో అమెరికా చేరిన ఇంజనీరు. 1947లో తమ్ముడు యూరాతో కలిసి ఆర్డన్ హెడ్లు చేసింది ఆయనే. అవి ఫోర్డ్ వీ8కి వాల్వులను నెత్తి మీదికి తెచ్చే అల్యూమినియం హెడ్లు. బరువు మోస్తూ వేడెక్కే ఫోర్డ్ ట్రక్కుల కోసం చేస్తే, ట్రక్కులవాళ్ళు పెద్దగా కొనలేదు, పందెంరాయుళ్ళు ఎగబడ్డారు. ఇంగ్లండులో అలార్డ్ స్పోర్ట్స్ కార్లకూ అవి ఎక్కాయి.

1953లో జనరల్ మోటార్స్‌లో చేరిన డంటోవ్ ఆ డిసెంబరులోనే పైవాళ్ళకు ఒక లేఖ రాశాడు. కుర్రాళ్ళ గురించి, హాట్ రాడ్‌ల గురించి, షెవర్లే గురించి. సారాంశం ఇది: కుర్రాళ్ళ పత్రికలు తిరగేస్తే అంతా ఫోర్డే. వాళ్ళు ఫోర్డ్‌తో పెరిగి, ఫోర్డ్‌నే కొంటారు. ఫోర్డ్‌కు మార్కెట్లో సిద్ధంగా దొరికే సామాను కొండంత ఉంది. షెవర్లే మంచి ఇంజను తెస్తే సరిపోదు; దానికి బలం పెంచే క్యాంషాఫ్టులు, వాల్వులు, మానిఫోల్డులు, బ్రేకులు కంపెనీయే పరీక్షించి తన కౌంటర్లో అమ్మాలి. బయటి సామాను చేసిన మనిషి కంపెనీ లోపలికి వెళ్ళి, ఆ వ్యాపారాన్ని కంపెనీకి నేర్పాడు. 1955లో షెవర్లే చిన్న బ్లాకు వీ8 వచ్చింది. 1956లో డంటోవ్ పేరుతోనే క్యాంషాఫ్ట్ వచ్చింది. అదే ఏడాది మొదట్లో ఫ్లోరిడాలోని డేటోనా బీచిలో ఆయనే నడిపి, మార్చిన కార్వెట్‌తో గంటకు 150 మైళ్ళు దాటాడు. 1957కి పెట్రోలు ఇంజెక్షన్‌తో 283 ఘనపు అంగుళాల ఇంజను 283 హార్స్ పవర్ ఇచ్చింది. ఆ ఇంజెక్షన్ ఆలోచనకూ చెరువు వాసన ఉంది. అంతకు తొమ్మిదేళ్ళ ముందే స్టూ హిల్‌బార్న్ తను చేసిన ఇంజెక్షన్‌తో ఎల్ మిరాజ్‌లో 150 మైళ్ళు దాటాడు.

అదే 1957లో అమెరికా కార్ల కంపెనీలు పందేలకు దూరంగా ఉంటామని ఉమ్మడిగా తీర్మానం చేసుకున్నాయి. పందెం సామాను మాత్రం మోటు వాడకానికని చెప్పి జాబితాల్లో కొనసాగింది. 1963లో బయటి తయారీదారులు తమ సంఘం సెమాను పెట్టుకున్నారు, మొదటి అధ్యక్షుడు ఇస్కెండేరియన్. నాసిరకం సామాను అమ్మేవాళ్ళ వల్ల అందరి పేరూ పోతోందని, ప్రమాణాలు తామే పెట్టుకోకపోతే ప్రభుత్వం పెడుతుందని వాళ్ళకు అర్థమైంది. 1967లో తొలి ప్రదర్శన లాస్ ఏంజెలెస్‌లో డాడ్జర్ స్టేడియం దగ్గర జరిగింది. పదేళ్ళ తర్వాత లాస్ వేగస్ వెళ్ళిపోయింది.

డాట్సన్ 240జెడ్ అమెరికా నేల మీద 1969 చివర్లో దిగింది. ధర 3,526 డాలర్లు. 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, రెండు కార్బొరేటర్లు, నాలుగు చక్రాలకూ స్వతంత్ర సస్పెన్షన్, బరువు టన్ను పైచిలుకు. డాట్సన్ పేరుతో బళ్ళు అమ్మిన నిస్సాన్ అమెరికా విభాగానికి పెద్ద యుటాకా కటయామా. పందెంలో గెలిస్తేనే బండి అమ్ముడవుతుందని నమ్మినవాడు. లాస్ ఏంజెలెస్ దగ్గరి ఎల్ సెగుండోలో పీట్ బ్రాక్ నడిపిన బీఆర్‌ఈ జట్టుకు కార్లిచ్చాడు. జాన్ మోర్టన్ ఆ జట్టు 240జెడ్‌తో 1970, 1971 సంవత్సరాల్లో వరసగా జాతీయ సీ ప్రొడక్షన్ తరగతి టైటిల్ కొట్టాడు. పందెం కారు మీద కనిపించిన ముందు స్పాయిలర్ మామూలు కొనుగోలుదారు కూడా తెప్పించుకుని బిగించుకోవచ్చు. హాట్ రాడ్ వాళ్ళు వేసిన బాట మీదే జపాన్ కంపెనీ నడిచింది.

జెడ్ బండి పాతబడే కొద్దీ దాని సామాను వ్యాపారం ముదిరింది. దానికి ఒక కారణం కంపెనీయే. కాలుష్య నిబంధనలకు తగ్గట్టు 1973 మోడల్‌కు కొత్త రకం కార్బొరేటర్లు పెట్టారు. వేడి రోజున ట్రాఫిక్‌లో ఆగితే పెట్రోలు ఆవిరై బండి మొరాయించేది. యజమానులు చేసిన పని, వాటిని పీకేసి 1970–72 నాటి గుండ్రటి మూత కార్బొరేటర్లు బిగించుకోవడం. కొత్తది తీసి పాతది పెట్టడమే అప్‌గ్రేడ్ అయిన సందర్భం ఇది. తర్వాతి కాలం మోడల్ 280జెడ్ నుంచి 2.8 లీటర్ల ఇంజను వచ్చి 2.4 ఉన్న చోటే కూర్చుంది. అమెరికాలో 240జెడ్‌కు నాలుగు గేర్లే ఇచ్చారు. 280జెడ్ అయిదు గేర్ల బాక్సు పట్టింది. బలం పెరిగితే వెనక ఆర్180 డిఫరెన్షియల్ నలిగిపోతుంది, కనుక పెద్దదైన ఆర్200 తేవాలి. దానికి తగ్గ మౌంటులు, యాక్సిళ్ళు. వేగం పెరిగింది గనుక బ్రేకులు. బ్రేకులు పెద్దవయ్యాయి గనుక మాస్టర్ సిలిండర్. ఒక సామానుతో మొదలుపెట్టినవాడు ఒక సామానుతో ఆగిన దాఖలా అరుదు. కొందరైతే షెవర్లే చిన్న బ్లాకు వీ8నే ఎత్తి జెడ్‌లో దించారు. డంటోవ్ పెంచిన ఇంజను కటయామా అమ్మిన కారులోకి అలా చేరింది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. 240జెడ్‌ను చంపింది బలం తక్కువ కావడం కాదు, తుప్పు. పలచని రేకును నేల కింది పట్టాల్లో, బ్యాటరీ అరుగు కింద, తలుపుల అంచుల్లో నీరు నిలిచి తినేసింది. ఆ పట్టాలు చిల్లులు పడి ఉండగానే మూడు కార్బొరేటర్ల సెట్టు కొనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. సస్పెన్షన్ రబ్బరు బుష్‌ల బదులు గట్టి పాలీయురెథేన్ బుష్‌లు వేస్తే మలుపుల్లో బండి బిగువుగా ఉంటుంది, గతుకుల్లో నడుము సంగతి మాత్రం దేవుడెరుగు.

జపాన్‌లో ఇదే కథ మరో పద్ధతిలో నడిచింది. యమహాలో ఇంజనీరుగా చేసిన హిరోయుకి హసెగావా 1973లో ఫూజీ కొండ దిగువన హెచ్‌కేఎస్ ప్రారంభించి, మరుసటి ఏడాది నిస్సాన్ ఎల్ ఇంజనుకు టర్బో కిట్ అమ్మకానికి పెట్టాడు. అక్కడ మార్కెట్లోకి వచ్చిన తొలి టర్బో కిట్ అదేనని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. పదేళ్ళు తిరక్కుండానే ఆ కంపెనీ మార్చిన సెలికా గంటకు 300 కిలోమీటర్లు దాటింది. జపాన్‌లో కాలానుగుణంగా జరిగే బండి తనిఖీ మహా కఠినం. మార్పు చేసిన బండి దాన్ని దాటడం గగనం. 1995లో నిబంధనలు సడలించాకే ఈ వ్యాపారం చాటు నుంచి అంగట్లోకి వచ్చింది.

అమెరికాలో ముడి అందుకు ఎదురుగా బిగిసింది. 1970 స్వచ్ఛ వాయు చట్టం వచ్చాక, కాలుష్యాన్ని అదుపు చేసే పరికరాలను పీకడం, పనిచేయకుండా చేయడం చట్టవిరుద్ధమైంది. పాతికేళ్ళపాటు గాలి ఎక్కువ, పెట్రోలు ఎక్కువ అన్న ఒకే సూత్రం మీద బతికిన తయారీదారులు ప్రయోగశాలల మెట్లెక్కాల్సి వచ్చింది. కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు ఒక పద్ధతి పెట్టింది: కాలుష్యం మీద ప్రభావం చూపే సామాను పరీక్ష నెగ్గితే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఇస్తారు. ఆ నంబరు లేని సామాను ఆ రాష్ట్రంలో రోడ్డు మీది బండికి చెల్లదు. 1975 నాటి మోడళ్ళకూ అంతకు పాతవాటికీ అక్కడ స్మాగ్ పరీక్ష లేదు, 1976 మోడల్ నుంచి ఉంది. 240జెడ్ కొనేవాడికీ, 1976 280జెడ్ కొనేవాడికీ తేడా ఇక్కడే మొదలవుతుంది. పరీక్ష లేనంత మాత్రాన చట్టం వర్తించదని కాదు, అడిగేవాడు ఎదురుపడడు, అంతే. మరో చట్టం కొనుగోలుదారు పక్షాన నిలిచింది. బయటి సామాను బిగించాడన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ ఎగ్గొట్టడానికి వీల్లేదని 1975 మాగ్నసన్–మాస్ చట్టం తేల్చింది.

ఇప్పుడు కొత్త కార్లలో ఈ వ్యాపారానికి మిగిలిన చోటు తక్కువ. బలమైన రూపాన్ని కంపెనీయే అమ్ముతోంది, మిగతా గుట్టు కంప్యూటర్ తాళం కింద ఉంటోంది. కంపెనీ వదిలేసిన జాగా నిండుగా ఉన్నది పాత స్పోర్ట్స్ కార్లలోనే. అందులోకీ కంపెనీలు తిరిగొస్తున్నాయి. 1990ల చివర నిస్సాన్ అమెరికా విభాగం పాత 240జెడ్‌లు కొని, కొత్తగా తీర్చి అమ్మింది. 2017లో నిస్సాన్ తన స్కైలైన్ ఆర్32 జీటీ–ఆర్‌కు, తర్వాత టొయోటా తన పాత సుప్రాలకు భాగాలు మళ్ళీ తయారు చేయించడం మొదలుపెట్టాయి. ఇంకో మలుపు వేలం పాటల్లో వచ్చింది. 2020 జనవరిలో ఏ మార్పూ చేయని ఒక 1971 240జెడ్ 3,10,000 డాలర్లు పలికింది. అప్పటి నుంచి తెలివైన యజమాని కోత, వెల్డింగు జోలికి పోకుండా బోల్టులతో బిగించే సామానే ఎంచుకుంటున్నాడు. విప్పిన ప్రతి పాత భాగాన్నీ పేరు రాసి అట్టపెట్టెలో దాస్తున్నాడు. ఈ జాగ్రత్తను పిరికితనం అనుకోనక్కర్లేదు. మార్పును వెనక్కి తీసుకోగలగడం కూడా పనితనమే.

మన వైపు ఈ ముచ్చట చిన్నదే గానీ లేకపోలేదు. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో షోళవరం ఉంది. అక్కడి యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు పందేలు జరిపింది. ఎండిన చెరువు పని ఇక్కడ పాత రన్‌వే చేసింది. విదేశీ సామాను దిగుమతి కష్టమైన ఆ కాలంలో ఫియట్ 1100లకూ, హెరాల్డ్‌లకూ హెడ్ అరగదీయడం, రంధ్రాలు పాలిష్ చేయడం, వేరే బండి కార్బొరేటర్ తెచ్చి పెట్టడం, అంతా స్థానిక లేత్ మీద చేతిపనే. ఆ పందేల్లో పండిన కోయంబత్తూరు కరివర్ధన్ తర్వాత మారుతి ఇంజనుతో ఫార్ములా మారుతి కార్లు చేసి, ఒక తరం డ్రైవర్లను తయారు చేశాడు.

మన రోడ్డు మీది బండి సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. హైదరాబాదులోనూ, విశాఖలోనూ పోలీసులు జప్తు చేసిన బైకు సైలెన్సర్లను రోడ్డు రోలరు కింద తొక్కించిన దృశ్యాలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. చట్టం అక్కడా ఇక్కడా ఉంది కాబట్టి కాలిఫోర్నియాలో పాత జెడ్ కొన్న తెలుగు కుర్రాడు సామాను పెట్టె మీద ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టాలి. ఇక్కడ పాత బండి మీద మోజుపడినవాడు ఇంజను, చాసిస్, సైలెన్సర్ ముట్టుకునే ముందు రవాణా శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.